ఏడో వరస, మూడో స్తంభం

చాప కప్పగానే ముందు చప్పుళ్ళు మారిపోయాయి. బావమరిది ఫెరెతి చాప అంచులు సర్దడం, వెనక వరసలో ఆడవాళ్ళు తడిగడ్డి మీద ఇబ్బందిగా కూర్చోవడం, భార్య లైసా ముక్కు ఎగపీల్చడం, అన్నీ పక్కింట్లో జరుగుతున్నట్టు దూరమైపోయి, తన ఊపిరొక్కటే వచ్చి చెవుల దగ్గర కూర్చుంది. సవేలియో తల వంచుకుని బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు అప్పుడే గొణగడం మొదలుపెట్టాయి. నడుముకి చుట్టుకున్న బట్టలోంచి జూన్ నెలలో వచ్చే ఈ దేశపు చలి పైకి పాకుతోంది. ఎదురుగా పదడుగుల దూరంలో అపెరీలా ఇల్లు, మూసిన తలుపు. ఆ తలుపు తెరుచుకుని లోపలివాళ్ళు ఎవరో ఒకరు వచ్చి ఈ చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఇలాగే ఎండెక్కేదాకా, మళ్ళీ పొద్దుగూకేదాకా, వాళ్ళిష్టం. సమోవాలో, సొంత సవాయి దీవిలో, తాతల నాడు చాప ఎత్తడానికి కాక చాప మీద నరకడానికి కత్తి పట్టుకొచ్చినవాళ్ళు కూడా ఉన్నారట, చిన్నప్పుడు ఆ కథ చెప్పించుకుని భయపడుతూ నవ్వుకునేవాళ్ళు. ఇది వలసొచ్చిన ఊరు, మాంగెరే. ఇక్కడ కత్తులు రావు. కత్తి వస్తేనే బాగుండునేమో అనిపించింది అతనికి, ఎందుకంటే అపెరీలా మంచి మనిషి, ఆవిడ తప్పకుండా చాప ఎత్తుతుంది.

చాపకి అమ్మ పెట్టె వాసన ఇంకా ఉంది. పట్టుబట్టలాగా పల్చగా, అంచుకి ఎర్ర ఈకలు కుట్టి, మూడేళ్ళు అల్లింది అమ్మ దీన్ని, కళ్ళు పోయేలాగా. మంచి పనికే బయటికి తియ్యరా అనేది. అతనికి మటై హోదా ఇచ్చి లెసులు అని బిరుదు పెట్టి కుటుంబానికి పెద్దని చేసిన రోజున ఒకసారి తీశారు. మళ్ళీ ఇదే. లెసులు అంటే మాటకి విలువున్నవాడు, కూర్చున్న చోట ముందు మాట్లాడేవాడు, ఆదివారం గుడిలో మొదటి బెంచీ, కోల్డ్ స్టోరేజీలో ఫోర్‌మన్. పని దగ్గర పద్దెనిమిది మంది అతన్ని పెద్దాయనా అనే పిలుస్తారు, మేనేజర్ బ్రెట్ ఒక్కడే సవ్ అంటాడు. ఆ బ్రెట్ కూడా వచ్చాడు ఇవాళ, కంపెనీ కోటు వేసుకుని, అందరికన్నా వెనక, కాళ్ళు ఎలా మడవాలో తెలియక తంటాలు పడుతూ. రానక్కర్లేదని చెప్పినా వినలేదు. మీ పద్ధతిని గౌరవించాలి కదా సవ్ అన్నాడు. బ్రెట్ మంచివాడు. అదే వచ్చిన చిక్కు.

ఎక్కడో పక్క వీధుల్లో చెత్త బండి చప్పుడైంది. అయ్యో, ఇవాళ మంగళవారం, డబ్బాలు బయట పెట్టే రోజు. ఇరవై మంది మనుషులు నల్లబట్టలు కట్టుకుని ఇంటి ముందు తల వంచుకుని కూర్చుంటే ఆ బండివాడు ఏమనుకుంటాడు, ఏమీ అనుకోడు, వాడూ మనవాడే అయ్యుంటాడు, ఇంజను ఆపి తల దించుకుని పోతాడు. ఇంట్లోంచి కోకో మరుగుతున్న వాసన వచ్చింది. లేచే ఉన్నారన్నమాట. లేచి, పొయ్యి వెలిగించి, గిన్నెలో కోకో కలుపుతూ, కిటికీలోంచి చూస్తున్నారన్నమాట. అపెరీలా కూతురు సియేని పని దగ్గరికి కూడా ఆ వాసనతోనే వచ్చేది, అమ్మ పోసిన కోకో పెద్ద ఫ్లాస్కులో తెచ్చి, మొదటి కప్పు ఎప్పుడూ అతనికే. పెద్దాయనా, వేడి చల్లారకముందే తాగండి. ముప్పై ఏళ్ళ పిల్ల, గుండ్రటి ముఖం, చలికి మంచు పట్టే కళ్ళద్దాలు, గంటకోసారి వాటిని తుడుచుకుంటూ పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్టు బండిని అంగుళం తేడా లేకుండా తిప్పేది. పందొమ్మిది రోజుల క్రితం ఏడో వరసలో ఇనుప అరలు కూలి, నాలుగు అంతస్తుల గడ్డకట్టిన గొర్రెమాంసం పెట్టెలు ఆమె మీద పడ్డాయి. కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

ఇక్కడ కూర్చున్నవాళ్ళంతా, ఆ కిటికీలోంచి చూస్తున్నవాళ్ళు కూడా, సవేలియో ఇక్కడికి ఎందుకొచ్చాడనుకుంటున్నారంటే, తన చేతి కింద పనిచేసే పిల్లకి దెబ్బ తగిలింది కనక, పెద్దవాడు కనక, పెద్దవాడి తల వంగాలి కనక. ఎంత గొప్ప మనిషి, తన తప్పు లేకపోయినా వచ్చి మోకరిల్లాడు అని ఆదివారం గుడి మెట్ల మీద చెప్పుకుంటారు. తప్పు లేకపోయినా. చొక్కా జేబులో నాలుగు మడతల కార్డు గుండెకి గుచ్చుకుంటోంది, నిజానికి గుచ్చుకోవడం లేదు, మెత్తబడ్డ అట్ట అది, ఉతుకులో నానిపోయింది. పని దగ్గర ప్రమాదం కనిపిస్తే రాసిచ్చే పసుపుపచ్చ కార్డు. కనిపిస్తే చెప్పు అని పైన అచ్చు వేసి ఉంటుంది. కింద సియేని రాత, స్కూలు పిల్ల రాతలాగా నిటారుగా. ఏడో వరస, మూడో స్తంభం. అడుగు కాలు లోపలికి వంగింది. రెండు బోల్టులు ఊడాయి. వరస ఖాళీ చేయించండి.

అది రెండోసారి. మొదటిసారి నోటితోనే చెప్పింది, టీ గదిలో, ఎవరూ లేనప్పుడు, కప్పు అతని చేతికిస్తూ, పెద్దాయనా మీరొకసారి వచ్చి చూస్తారా అని. చూస్తానమ్మా అన్నాడు. చూడలేదు. ఆ వారం ఎగుమతి ఓడ ఉంది, ఏడో వరస ఖాళీ చెయ్యాలంటే ఒక పూటంతా పని ఆగుతుంది, ఆగితే బ్రెట్‌కి చెప్పాలి, చెప్తే బ్రెట్ పైవాళ్ళకి చెప్పాలి. ఆ ఇనుప కాళ్ళు వంగుతూనే ఉంటాయి, బండ్లు తగులుతూనే ఉంటాయి, ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు, పడిపోతే ఎప్పుడో పడిపోవాలి. ఇదంతా పైకి. లోపల ఇంకొకటి ఉంది, ఈ చాప కింద ఎవరూ చూడటం లేదు కనక ఒప్పుకోవచ్చు. తను చూడనిది ఒక పిల్ల చూసిందన్న ఉక్రోషం. అంతే. ఇంత పెద్ద మనిషికి ఇంత చిన్న ఉక్రోషం. రెండో రోజు కార్డు రాసి ఇచ్చింది, ఆఫీసు పెట్టెలో వెయ్యకుండా అతని చేతికే, పెట్టెలో వేస్తే పెద్దాయన్ని దాటి పోయినట్టవుతుందని. అంత మర్యాద తెలిసిన పిల్ల. పెట్టెలో వేసి ఉంటే ఆ కార్డు బ్రెట్ బల్ల మీదికి పోయేది, ఆ పిల్ల ఇవాళ రెండు కాళ్ళ మీద నిలబడి ఇదే ఇంట్లో కోకో కలుపుతూ ఉండేది. అతను దాన్ని మంచుకోటు జేబులో పెట్టుకుని మరిచిపోయాడు. మరిచిపోలేదు. జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా తగిలేది.

వెనకాల లైసా దగ్గింది. లైసాకి తెలుసు. ఆ మంచుకోటు ఉతికింది లైసాయే, జేబులో నానిన కార్డు తీసి, వంటింటి కిటికీలో ఆరబెట్టి, ఇస్త్రీ చేసినట్టు చదును చేసి, అతని బైబిలు మీద పెట్టింది. ఒక్క మాట అనలేదు. ఆ రోజు అన్నం దగ్గర కూడా ఉడికించిన తారో దుంప ముక్కలు అతని పళ్ళెంలో పెడుతూ ముఖంలోకి చూడలేదు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ అతని మాటకి ఎదురు చెప్పింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చని అతను పదిమందిలో గొప్పగా చెప్పుకునేవాడు. ఎందుకు చెప్పుకునేవాడో, ఛీ, అదేమన్నా గొప్పా. అడగవే ఒక్కసారి అనుకున్నాడు ఆ అన్నం దగ్గర, ఇదేమిటి అని అడుగు, అరువు, పళ్ళెం విసిరెయ్యి. అడగలేదు. తన చుట్టూ ఇంతమంది ఉండి ఒక్కరికి కూడా తనని అడిగే అలవాటు లేకుండా చేసుకున్నాడు తను, ఓపిగ్గా, ఇటుక మీద ఇటుక పేర్చుకున్నట్టు.

మూడోసారి గురువారం. గురువారం గుండ్రం బ్రెట్ పెట్టించింది. ఎక్కడో చదివొచ్చాడు, నాయకుడంటే వినేవాడు అని, భయం లేకుండా మాట్లాడే చోటు ఉండాలి అని. వారానికోసారి పని మొదలయ్యే ముందు అందరూ గుండ్రంగా నిలబడాలి, ఎవరికి ఏ అనుమానం ఉన్నా చెప్పాలి, చిన్నా పెద్దా లేదు. మొదటి వారం ఎవరూ పెదవి విప్పలేదు. అప్పుడు బ్రెట్ రెండ్రోజుల క్లాసుకి వెళ్ళొచ్చాడు, దీవులవాళ్ళతో ఎలా మెలగాలో నేర్పే క్లాసు, వచ్చి చాలా సంబరంగా అన్నాడు, తప్పు నాదే సవ్, మీలో పెద్దవాళ్ళు ముందు మాట్లాడాలి కదా, ఇకనుంచి నువ్వే ప్రార్థన చేసి నువ్వే మొదలుపెట్టు. ఆ మాటకి అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అప్పట్నుంచి ప్రతి గురువారం అతను ప్రార్థన చేసి, దేవుడి దయవల్ల అంతా సక్రమంగా ఉంది అని, ఆ తర్వాత ఎవరికైనా ఏమైనా ఉందా అని అడిగేవాడు. మటై అంతా సక్రమంగా ఉందన్నాక, లేదండీ అనే మొనగాడు ఎవడు. పద్నాలుగు నెలలు ఒక్క ఫిర్యాదు లేదు. హెడ్డాఫీసు నుంచి పటం కట్టిన మెచ్చుకోలు కాగితం వచ్చింది, బ్రెట్ దాన్ని టీ గదిలో తగిలించాడు. ఫిర్యాదు ఎందుకు రాలేదో బ్రెట్‌కి తెలియదు పాపం. అతనికి తెలుసు.

తెలుసు, ఎందుకంటే ముప్పై ఐదేళ్ళ క్రితం ఇదే ఊళ్ళో, వేరే మాంసం ఫ్యాక్టరీలో, అతను కూడా ఒక మాట చెప్పాడు. గొట్టంలోంచి ఘాటు వాసన వస్తోందని వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులు తిప్పుతూ. ఆ ఫోర్‌మన్ సిగరెట్టు నోట్లోంచి తియ్యకుండానే, ఒరేయ్ కొబ్బరికాయా, పోయి నీ చెట్టెక్కు అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు, నవ్వకపోతే ఇంకా సిగ్గు కనక. ఇంటికెళ్ళి బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చాడు. ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాడు, నా చేతి కిందికి నలుగురు వచ్చిన రోజున వాళ్ళ మాట వింటానని. ఆ ఒట్టు ఏమైందో. ఒట్టు కూడా వయసు మీద పడితే మోకాళ్ళలాగే అరిగిపోతుంది కాబోలు. చిన్నప్పుడు పెద్దవాళ్ళు తింటుంటే వెనక నిలబడి విసనకర్రతో ఈగలు తోలడం, వాళ్ళు లేచాక మిగిలింది తినడం, పెద్దవాళ్ళ మాటల మధ్యలో నోరు తెరిస్తే నాన్న చెంప మీద ఇచ్చేది, ఇవన్నీ భరించింది ఎందుకు, ఎప్పటికైనా తన వంతు వస్తుందనేగా. వచ్చింది. వచ్చిన వంతుని వదులుకోవడం ఎవడి వల్ల అవుతుంది.

గురువారం. ఊపిర్లు పొగలు కక్కుతున్నాయి. ఎవరికైనా ఏమైనా ఉందా అన్నాడు. ఉందండీ అంది సియేని. తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. ఆ పిల్ల సమోవా మాటల్లో, పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు వాడే మర్యాద మాటల్లో, మన్నించాలి పెద్దాయనా, ఏడో వరసలో మూడో స్తంభం సంగతి ఇదివరకే మనవి చేసుకున్నాను, మళ్ళీ చెప్పడం నా స్థాయికి తగదు, కానీ ఇంకా వంగింది అంది. అతని చెవులు వేడెక్కాయి. ఇదివరకే అన్న మాటొకటి ఆ గుండ్రం మధ్యలో పడి అందరికీ కనిపిస్తోంది. అప్పుడు నోట్లోంచి వచ్చింది ఆ మాట, వెతక్కుండానే వచ్చింది, తీయగా, నవ్వుతూ. దాన్ని ఇప్పుడు తలచుకోకూడదని పందొమ్మిది రోజులుగా అవస్థ పడుతున్నాడు, పళ్ళు తోముకుంటున్నప్పుడు వస్తుంది, ప్రార్థనలో ఆమెన్ అనబోతుంటే వస్తుంది. అందరూ నవ్వారు. సియేని కూడా నవ్వింది, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. భాష రాని బ్రెట్ కూడా, అందరూ నవ్వుతున్నారు కనక నవ్వాడు. ఏమిటి సవ్, ఏమంటోంది అన్నాడు. ఏం లేదు, ఆదివారం పాటల గొడవ అన్నాడు తను. వారం తిరిగేసరికి కూలింది.

మొదట పెద్ద చప్పుడేం కాదు. ఎవరో గొలుసు ఈడుస్తున్నట్టు. ఆ తర్వాత ప్రపంచం కూలినట్టు. చేతులతో తవ్వాడు, గడ్డకట్టిన పెట్టెలు, వేళ్ళు చచ్చుబడిపోయి, సియేనీ సియేనీ అని అరుస్తూ, ఆ అరుపులో నిజంగా ప్రేమ ఉంది, అది అబద్ధం కాదు, ఆ పిల్లకి బాప్టిజం జరిగిన రోజు తను అక్కడ ఉన్నాడు. మనిషి కన్నా ముందు కళ్ళద్దాలు దొరికాయి. రెండు పెట్టెల సందులో, గీత కూడా పడకుండా. తీసి జేబులో వేసుకున్నాడు. జేబులో కార్డు ఉంది.

విమానం ఒకటి తల మీదుగా దిగింది, నేల అదిరింది, గడ్డి కూడా అదిరినట్టనిపించింది. తెల్లవారుతోంది కాబోలు, చాప అల్లిక సందుల్లోంచి వెలుతురు చుక్కలుగా వస్తోంది. కాళ్ళు తిమ్మిరెక్కి తనవి కానట్టున్నాయి. కుడికాలు అసలు తెలియడం లేదు. గంటసేపు కూర్చుంటే తనకి ఇలా ఉంది, ఆ పిల్లకి జీవితమంతా.

ఆస్పత్రికి వెళ్ళాడు ప్రమాదం జరిగిన ఎనిమిదో రోజున, లైసా, పాస్టరు, పళ్ళబుట్ట. మంచం మీద దుప్పటి ఒక పక్క చదునుగా ఉంది, అటు చూడకూడదని కళ్ళద్దాల వంకే చూశాడు, తనే అంతకుముందు పంపించిన కళ్ళద్దాలు. ప్రార్థన అయ్యాక మిగతావాళ్ళు టీకి వెళ్ళారు. సియేని గొంతు తగ్గించి అంది, తనిఖీ వాళ్ళొచ్చి అడిగారు పెద్దాయనా, నేనే సరిగ్గా చూసుకోలేదన్నాను, ఎవరికీ చెప్పలేదన్నాను, మీరు కంగారుపడకండి. నెమ్మదిగా, నొప్పి మాత్రల మత్తులో, అతన్ని ఓదారుస్తున్నట్టు. ఆ క్షణంలో భూమి రెండుగా చీలి తనని మింగేస్తే బాగుండేది. చీలలేదు. అతనేమన్నాడు? దేవుడు నిన్ను చల్లగా చూస్తాడమ్మా అన్నాడు. అని బయటికొచ్చి, లిఫ్టులో, తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి. ఈ చాప ఎన్నిసార్లు ఎత్తినా ఆ ఊపిరికి క్షమాపణ ఎక్కడ దొరుకుతుంది. మిగతా అందరినీ ఒక్కొక్కరిగా పిలిచి అడిగారు తనిఖీ వాళ్ళు. ఒక్కొక్కరూ ఏమీ వినలేదన్నారు. అలా చెప్పమని అతనెవరినీ అడగలేదు, అడగాల్సిన పనే లేదు. మళ్ళీ టీ గదిలో ఎదురుపడితే కళ్ళు దించుకుని కోకో అందించారు, ఇంకెవరో చేసిన కోకో, నీళ్ళలాగా ఉంది.

ఇవాళ పది గంటలకి కంపెనీ రిపోర్టు మీద సంతకం. పొద్దున్న బండి ఎక్కే ముందు వరస చూసుకున్నానని డ్రైవరు సంతకం పెట్టింది, లోపం ఉన్నా తెలియజెయ్యలేదు, కనక బాధ్యత డ్రైవరుదే. కింద ఫోర్‌మన్ సంతకానికి ఖాళీ. దాని వెనక ఇంకో కాగితం, సియేనిని ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు. బ్రెట్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి నిన్న, నిజం నీళ్ళే. ఒక్క మాట చెప్పి ఉంటే సవ్, ఎంత అవకాశం ఇచ్చాం మనం, ఒక్క మాట అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. నిన్న సాయంత్రం ఫెరెతితో చెప్పబోయాడు, ఫెరెతి ఇవాళ అతని తరఫున మాట్లాడే మనిషి, మాటకారి. బావా, ఆ పిల్ల నాతో అని మొదలుపెట్టాడో లేదో, చాల్లే, ఆ పిల్లే చెప్పలేదంటుంటే నీకెందుకు దురద, రేపు నువ్వు ఊపిరి పీల్చుకో చాలు, మాటలు నావి అన్నాడు ఫెరెతి. పద్ధతి కూడా అదే. ఇఫోగా అంటారు దీన్ని, ఇందులో చాప కింద కూర్చున్నవాడు నోరు విప్పడు. తప్పు చేసినవాడి మౌనమే అతని మాట. ఎంత అందమైన పద్ధతి, ఎంత వాటంగా ఉంది తనకి. తలుపు తెరుచుకుంటుంది, చాప లేస్తుంది, ఫెరెతి గొంతు మోగుతుంది, సముద్రం, తుఫాను, ఎవరికీ తెలియని దేవుడి చిత్తం, ఆడవాళ్ళు ఏడుస్తారు, అపెరీలా కావలించుకుంటుంది, కోకో పోస్తారు, పది గంటలకి సంతకం. అంతా క్షమించేస్తారు. చెయ్యని తప్పుకి, చేసినదానికి కాదు.

తలుపు గడియ తీసిన చప్పుడైంది.

అడుగులు, ఇంటి చెప్పులు, మెట్టు మీద ఒకటి, గడ్డి మీద ఒకటి, ఆగి, మళ్ళీ. ఇంకొంచెం సేపు దేవుడా, రాకు అక్కా, లోపలికి వెళ్ళిపో, కత్తి తీసుకురా. వెనక ఎవరో వెక్కిళ్ళు మొదలుపెట్టారు. చాప అంచు కదిలింది. చల్లగాలి ముఖం మీద కొట్టింది, వెలుతురు, ఎర్ర ఈకలు, అపెరీలా పాదాలు, వాటి మీద ఉబ్బిన నరాలు.

"లే తమ్ముడూ. పోయిన కాలు మళ్ళీ రాదు. నీ తల ఇంతసేపు వంగడం నేను చూడలేను. లే."

ఫెరెతి గొంతు సవరించుకున్నాడు. అప్పుడు సవేలియో చెయ్యి, అతను చెప్పకుండానే, చాప అంచుని పట్టుకుంది.

"ఎత్తకు అక్కా."

"సవేలియో" అన్నాడు ఫెరెతి పళ్ళ మధ్య నుంచి. "నోరు మూసుకో."

"నీ కూతురు నాకు చెప్పింది" అన్నాడు. గొంతు తనది కాదు, తుప్పు పట్టిన బోల్టు తిప్పినట్టుంది. "మూడుసార్లు చెప్పింది. ఎవరికీ చెప్పలేదన్నది అబద్ధం. నాకోసం ఆడింది ఆ అబద్ధం. నాకు చెప్పింది, కార్డు రాసిచ్చింది, ఇదిగో, అందరి ముందూ చెప్పింది."

అపెరీలా కార్డు అందుకుంది. చాలాసేపు చూసింది. చదువుతోందో రాతని చూస్తోందో తెలియలేదు.

"నువ్వేమన్నావు?"

ఇదే. పందొమ్మిది రోజులుగా దేన్నుంచి పారిపోతున్నాడో అది వచ్చి ఎదురుగా నిలబడింది. తవ్వుతున్నప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు.

"ఏమన్నావని అడుగుతున్నాను."

"వంకర స్తంభంలో లేదమ్మా, నీ కళ్ళద్దాల్లో ఉంది అన్నాను. ఆదివారం నీ పాట శ్రుతి తప్పేది కూడా వాటివల్లేనేమో, చూపించుకో అన్నాను."

"నవ్వారా?"

"అందరూ."

"అదీ నవ్విందా?"

"నవ్విందక్కా."

చాప అంచు ఆవిడ చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ చీకటి. ఎవరూ ఏడవడం లేదిప్పుడు, ఏడుపు మధ్యలో ఆపేశారు. వెనకనుంచి బ్రెట్ గొంతు, మెల్లగా, ఏమన్నాడు, సవ్ ఏమన్నాడు అని పక్కవాళ్ళని అడుగుతోంది. ఎవరూ చెప్పడం లేదు. చెప్పరు. సవేలియో చాప కింద నుంచే, బ్రెట్ భాషలో, గట్టిగా అన్నాడు. ఆ గురువారం నువ్వు అడిగావు చూడు బ్రెట్, ఏమంటోందని. ఏడో వరస కూలబోతోందని అంటోంది. పాటల గొడవ కాదు. నేను సంతకం పెట్టను. తలుపు దడాలున మూసుకుంది. అపెరీలా లోపలికి వెళ్ళిపోయింది.

లే, పోదాం పద, కుటుంబం పరువు నిలువునా తీశావు అంటున్నాడు ఫెరెతి చెవి దగ్గర. కొన్ని అడుగులు గేటు దాటిపోయాయి, కారు తలుపు ఒకటి, ఇంకొకటి. సవేలియో లేవలేదు. ఇంతకుముందు కూర్చున్నది నటన, ఇప్పుడు కూర్చుంటున్నాడు. ఉద్యోగం పోతుంది, పోనీ. మొదటి బెంచీ పోతుంది. బిరుదు కూడా తీసేస్తారేమో. అవన్నీ ఒక్కొక్కటే పోవడం తెలుస్తోంది కానీ తేలిక మాత్రం రావడం లేదు, నిజం చెప్తే తేలికవుతుందని ఎవరు చెప్పారో కానీ వాళ్ళ మీద కోపం వచ్చింది. పోయిన కాలు పోయినట్టే ఉంది. పక్కన గడ్డి నలిగింది, ఎవరో వచ్చి కూర్చున్నారు, అతని భుజానికి భుజం ఆనించి. లైసా. ఆవిడ కూర్చోవలసింది వెనక వరసలో. ఇప్పటిదాకా కూర్చున్నావు కదా, ఇంకాసేపు కూర్చో అంది, అంతే అంది. చెత్త బండివాడు వచ్చి, ఇంజను ఆపి, డబ్బాలు చేత్తో మోసుకెళ్ళాడు.

ఎంతసేపో. వెలుతురు చుక్కలు పసుపుపచ్చగా మారాయి. మళ్ళీ గడియ. మళ్ళీ ఆ ఇంటి చెప్పులు, ఈసారి ఆగకుండా వచ్చాయి. చాప లేవలేదు. అంచు మాత్రం బెత్తెడు ఎత్తి, ఆ సందులోంచి ఒక చెయ్యి వచ్చి, ఫోను గడ్డి మీద పెట్టింది. చీకట్లో ఆ చిన్న తెర వెలిగింది. ఆస్పత్రి చప్పుళ్ళు, ఏదో యంత్రం కూత.

"అది వింటోంది. మాట్లాడు" అంది పైనుంచి అపెరీలా. మళ్ళీ తనే, "కాదు. నువ్వు మాట్లాడింది చాలు. అది మాట్లాడుతుంది."

అవతల ఊపిరి. పెద్దాయనా అని వస్తుందేమో అనుకున్నాడు, పరవాలేదండీ అని వస్తుందేమో, ఆ మర్యాద మళ్ళీ వస్తే ఇక బతకలేననుకున్నాడు. తల ఇంకా కిందికి వంచి, చెవి ఫోనుకి దగ్గరగా, నుదురు తడిగడ్డికి ఆనేదాకా వంగాడు. దేవుడి మీద ఒట్టు, నాన్నగారి మీద ఒట్టు, ఆ పిల్లని అరవనీ, తిట్టనీ, పడతాను.

"నా కళ్ళద్దాలు బాగానే ఉన్నాయి" అంది సియేని.

తెలుసమ్మా అని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఇంకా చెప్పు" అన్నాడు.